47 డిగ్రీల్లో హీటరు

మొన్న పాత కారు అమ్మేద్దామని ముందు అర ఖాళీ చేస్తుంటే, ఇన్సూరెన్సు కాగితాల అడుగున ఒక ఉల్లిపాయ దొరికింది. దాన్ని ఉల్లిపాయ అనటం కూడా ఎక్కువే. ఎండి ముడుచుకుపోయి, గోళీకాయకి కాస్త పెద్దదై, ఊపితే పొట్టు గలగలమంటోంది. మా ఆవిడ "ఛీ, పారేయండి" అంది. నేను చొక్కా జేబులో వేసుకున్నాను. 2014 జూన్‌లో మా అమ్మ పెట్టిన ఉల్లిపాయ అది, వడదెబ్బ తగలకుండా.

మాది పల్నాట్లో రెంటచింతల. చిన్నప్పుడు మా ఊరి పేరు రేడియోలో వచ్చేది ఎండాకాలంలోనే. సాయంత్రం వార్తల చివర "అత్యధికంగా రెంటచింతలలో" అని వినపడగానే, అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా మన పిల్లాడెవడో ఫస్టు క్లాసులో పాసైనట్టు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. ఏ రామగుండమో కొత్తగూడెమో ముందుకు పోయిన రోజు కాస్త చిన్నబోయేవాళ్ళు. ఆ ఎండల్లో మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీ బస్సు తోలాడు. మాచర్ల డిపో. పక్కన ఇంజను బానెట్టు కాల్తుంటే, మెడకి తడి తువ్వాల చుట్టుకుని, మే నెల మిట్టమధ్యాహ్నం గుంటూరు ట్రిప్పు. ఇంటికొచ్చి బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు మేం ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళం. అందరూ చూపించేవే మేమూ చూపించాం. వంతెన, గుడి, కాస్ట్‌కో, ఆ తర్వాత వేగాస్. వేగాస్ గురించి నాన్న అన్నది ఒక్కటే మాట, "ఈ కరెంటు బిల్లు ఎవడు కడతాడ్రా?" తిరుగు ప్రయాణం డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ మీదుగా పెట్టుకుందామన్నది నా ఆలోచన. అసలు కారణం చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎండంటే మా ఊరిదే అని జన్మంతా చెప్పుకున్న మనిషికి, దానికి తాతలాంటి ఎండ చూపిద్దామని. ప్రపంచ రికార్డు ఉన్నది అక్కడే. 1913 జులై 10న ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు.

మా ఆవిడకి టెన్షన్. "జూన్‌లో, పెద్దవాళ్ళతో, పదేళ్ళ పాత కారులో, ఫోను సిగ్నలు కూడా లేని చోటికా?" ఆమె అన్న ప్రతి ముక్కా నిజమే. అయినా బయల్దేరాం. ముందురోజు రాత్రి అత్తాకోడళ్ళిద్దరూ హోటలు గదిలో రైస్ కుక్కర్ పెట్టి పులిహోర, పెరుగన్నం చేశారు. నీళ్ళ సీసాలు రెండు కట్టలు, ఐసుపెట్టె, ఉప్పూ నిమ్మకాయా పిండిన మజ్జిగ. తెల్లారుజామున అమ్మ అందరి జేబుల్లోనూ తలో ఉల్లిపాయ పెట్టింది. నాది తొడకి గుచ్చుకుంటోందని తీసి కారు అరలో పడేశాను.

నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు. అంటే నాన్న కూర్చున్న కుడివైపు సీటు మన దేశంలో అయితే డ్రైవరుది. ముప్ఫై ఏళ్ళు కూర్చున్న చోటే కూర్చున్నాడు, చేతిలో స్టీరింగు మాత్రం లేదు. ఎడమ చేయి పక్కకి జారితే గేరు రాడ్డు కూడా సరిగ్గా అక్కడే తగిలేది. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు కింద మ్యాటుని తొక్కేది. నాకు నవ్వొచ్చింది ఆ రోజు.

పహ్రంప్ దాటాక డెత్ వ్యాలీ జంక్షన్. పేరు పెద్దదే, ఊరంటూ లేదు. తెల్లటి పాత కట్టడం ఒకటి, దాని మీద అమర్గోసా ఒపేరా హౌస్ అని అక్షరాలు. న్యూయార్కులో నాట్యం చేసే మార్తా బెకెట్ అనే ఆవిడ 1967లో ఇటు వచ్చినప్పుడు బండి టైరు పంచరైంది. అది బాగయ్యేలోపు ఈ పాడుబడ్డ హాలు చూసి, అద్దెకి తీసుకుని, ఇక్కడే ఉండిపోయింది. చూసేందుకు జనం రాకపోతే గోడల నిండా ప్రేక్షకుల బొమ్మలు గీసుకుని, వాళ్ళ ముందు నాట్యం చేసింది. ఇదంతా నేను ఉత్సాహంగా చెప్పుకొస్తే నాన్న అడిగింది, "పంచరు వేయటానికి అంతసేపెందుకు పట్టిందిరా?" ఆవిడ అప్పటికింకా అక్కడే ఉందని నాకు తర్వాత తెలిసింది. 2017లో పోయింది.

ముందు డాంటేస్ వ్యూ ఎక్కాం. 5,475 అడుగులు. చివర్లో రోడ్డు నిలువుగా లేస్తుంది. పైన చల్లగాలి, అమ్మ కొంగు చెవులకి చుట్టుకుంది. కింద లోయంతా తెల్లగా పరుచుకుని ఉంది. పిడుగురాళ్ళ సున్నం లారీ తిరగబడినట్టుందన్నాడు నాన్న. ఈ లోయకి డెత్ వ్యాలీ అని పేరెందుకొచ్చిందని మావాడు అడిగాడు, వాడికప్పుడు ఆరేళ్ళు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా పోతున్నవాళ్ళు అడ్డదారి అనుకుని ఇందులో చిక్కుకుపోయారనీ, ఎట్లాగో బయటపడ్డాక ఒకళ్ళు వెనక్కి తిరిగి, మృత్యులోయా సెలవు అన్నారనీ చెప్పాను. "ఎంతమంది పోయారేంది?" అన్నాడు నాన్న. ఆ గుంపులో ఇక్కడ పోయింది ఒక్కడే అంటారు. "ఒక్కడికేనా ఇంత పేరు? అంతకుముందు ఇక్కడ మనుషుల్లేరా?" ఉన్నారు. టింబిషా షొషోనీ జాతి వాళ్ళు తరతరాలుగా ఇక్కడే బతికారు. ఎండాకాలం కొండల మీదికి, చలికాలం లోయలోకి. ఇప్పటికీ ఫర్నేస్ క్రీక్‌లో ఉన్నారు, 2000లో చట్టం చేసి కొంత భూమి వాళ్ళకి తిరిగిచ్చారు. "మరి వాళ్ళనడిగితే వేరే పేరు చెప్పేవాళ్ళు గదా" అన్నాడు. ఆయన ఇలాంటివి అంటాడని నేను అనుకోలేదు. ఇంట్లో ఎప్పుడూ అనలేదు మరి.

జాబ్రిస్కీ పాయింట్ దగ్గర ఫోటోలు దిగాం. పసుపుపచ్చ మట్టి మడతలు. అందరూ మెచ్చుకునే చోటే, మాకు మాత్రం ఫోటోలు తప్ప ఏమీ గుర్తులేదు.

బాడ్‌వాటర్‌కి చేరేసరికి తొమ్మిదయింది. ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా పల్లపు నేల, సముద్రమట్టానికి 282 అడుగుల కింద. కారు దిగి వెనక్కి తిరిగి చూస్తే కొండ మీద, తల వెనక్కి వంచాల్సినంత ఎత్తున, సముద్రమట్టం ఇక్కడికి అని చిన్న తెల్ల బోర్డు కనపడుతుంది. నాన్న చాలాసేపు దాన్నే చూశాడు. "సాగర్ డ్యాము కింద నిలబడ్డట్టుందిరా" అన్నాడు. అంత లోతు కాబట్టే ఈ వేడి. పడమట వరసగా కొండలు మేఘాల్లో ఉన్న తడంతా ముందే పిండేసుకుంటాయి, ఇక్కడ ఏడాదికి పడే వాన రెండు అంగుళాలు. వేడెక్కిన గాలి పైకి లేచినా కొండలు దాటలేక మళ్ళీ కిందికే దిగుతుంది, దిగుతూ ఇంకా వేడెక్కుతుంది. ఇది విన్నాక అమ్మ "మంగలంలో పేలాలు వేయించినట్టు" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

అమ్మ పుట్టిల్లు చినగంజాం వైపు. ఉప్పుమళ్ళ మధ్య పెరిగిన మనిషి. చెప్పులు పటపటలాడించుకుంటూ ఆ తెల్లటి నేల మీద కొంచెం దూరం పోయి, వంగి, గోటితో గీరి, నాలిక మీద వేసుకుంది. "కల్లుప్పేరా! మన ఉప్పే! ఇంత ఉప్పు పెట్టుకుని కొనుక్కు తింటారేంది?" గుప్పెడు తీసి కొంగున కట్టుకోబోతుంటే నేను పరిగెత్తాను. ఇది నేషనల్ పార్కమ్మా, రాయి కూడా తీసుకుపోకూడదు, ఫైను వేస్తారు. అమ్మ మొహం ముడుచుకుంది. చేతిలో ఉప్పు చూసుకుంది, మావాణ్ణి చూసింది. వేగాస్‌లో ఎవరెవరి కళ్ళు పడ్డాయో అంటూ వాణ్ణి ఎదురుగా నిలబెట్టి, మూడుసార్లు కిందికీ మీదికీ తిప్పి, ఆ ఉప్పు అక్కడే నేల మీద పారేసింది. "దిష్టి ఉప్పు నిప్పుల్లో కదత్తయ్యా వేయాల్సింది?" అంది మా ఆవిడ. "ఇంతకన్నా నిప్పులు ఎక్కడ దొరుకుతయ్యమ్మాయ్?" అంది అమ్మ. పక్కన జర్మనీ వాళ్ళనుకుంటా, ఇద్దరు, మమ్మల్ని ఫోటో తీశారు. ఆ ఫోటో ఎవరింట్లో ఉందో.

పదకొండున్నరకి ఫర్నేస్ క్రీక్. పార్కు ఆఫీసు బయట పెద్ద థర్మామీటరు బోర్డు ఉంటుంది, అందరూ దాని ముందు ఫోటో దిగుతారు. కారు తలుపు తీయగానే పొయ్యి మీది గాలి. చెమట పట్టట్లేదనిపిస్తుంది గానీ, పట్టింది పట్టినట్టే ఆరిపోతోంది. చొక్కా మీద ఉప్పు చారలు మాత్రం మిగిలాయి. బోర్డు మీద 117 అని ఉంది. నాన్నని దాని కింద నిలబెట్టి, ఫోను పైకెత్తి, ఆయన మొహంలో ఆశ్చర్యం కోసం చూస్తున్నాను.

"మన లెక్కలో ఎంతరా?"

"47, నాన్నా."

"47 మనూళ్ళోనూ చూశాం గదరా" అన్నాడు. "దీనికి టికెట్టు కొన్నావా?"

నాకు అప్పట్లో ఉక్రోషం వచ్చింది. 1913 నాటి 56.7 గురించి మళ్ళీ చెప్పాను. ఆ లెక్క రాసినవాడు కళ్ళద్దాలు పెట్టుకోలేదేమో అన్నాడు. ఆ రికార్డుని నమ్మని శాస్త్రవేత్తలు కూడా ఉన్నారన్న సంగతి ఆయనకి తెలియదు, నేను చెప్పలేదు. కాస్సేపయ్యాక మాత్రం, ఆఫీసు గోడ నీడలో నిలబడి అన్నాడు, "కానీ మన ఎండకి వేపచెట్టు ఉంటుంది. ఇక్కడ ఏం పెట్టలా."

ఆయన మనసు పారేసుకున్న చోటు వేరే ఉంది. ఫర్నేస్ క్రీక్‌కి కొంచెం పైన హార్మనీ బోరాక్స్ వర్క్స్ శిథిలాలు. మనం క్యారమ్స్ బోర్డు మీద చల్లుకునే బోరిక్ పౌడరు తయారయ్యేది బోరాక్స్ నుంచే. 1880ల్లో ఇక్కడి పర్ర నేల మీద ఆ ఖనిజాన్ని కూలీలు గీరి పోగేసేవాళ్ళు, వాళ్ళలో ఎక్కువమంది చైనావాళ్ళు. దాన్ని శుద్ధి చేసి 165 మైళ్ళ అవతల మొహావీ రైలుస్టేషనుకి బళ్ళ మీద చేర్చేవాళ్ళు. ఆ బళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వెనక చక్రం మనిషిని మించిన ఎత్తు. రెండు బళ్ళూ, వెనక నీళ్ళ ట్యాంకూ కలిపి 36 టన్నుల దాకా బరువు, లాగటానికి 18 కంచరగాడిదలూ రెండు గుర్రాలూ, ఒక్క పొడుగాటి పగ్గం. పది రోజుల ప్రయాణం.

"ఎంతమంది ఉండేవాళ్ళు బండికి?"

బోర్డు చదివి చెప్పాను. ఇద్దరు. తోలేవాడొకడు, బ్రేకూ పొయ్యీ చూసుకుంటూ వెంట పోయేవాడొకడు.

నాన్న మొహం వెలిగింది. "డ్రైవరూ క్లీనరూ!" ఎండలో, ఇనపపట్టీ పట్టుకుంటే చేయి కాలే ఎండలో, ఆ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనక బండి బ్రేకు ఎక్కడుందో వెతికాడు. ఇరుసు కింద వంగి చూశాడు. దిగుడులో అంత బరువు ముందుకి తోసుకొస్తుంటే ఇరవై పశువుల్ని మలుపు తిప్పటం ఎట్లా అని తనలో తనే లెక్కలేసుకున్నాడు. మా ఆవిడ కారులోంచి "మావయ్యా, వచ్చేయండి" అని మూడుసార్లు కేకేసింది. ఎండాకాలం ఈ కార్ఖానా నడిచేది కాదనీ, వేడికి బోరాక్స్ గడ్డకట్టేది కాదనీ చెప్తే, "బండి తోలినోడికి సెలవు దొరికిందన్నమాట" అని తృప్తిపడ్డాడు.

స్టోవ్‌పైప్ వెల్స్ దగ్గర ఇసుకదిబ్బలు. మధ్యాహ్నం రెండు. పదింటి తర్వాత నడవొద్దని బోర్డులున్నాయి, మేం కారు ఆపి చూసి పోదామనుకున్నాం అంతే. నాన్న మళ్ళీ దిగాడు. రోడ్డు పక్కన ముళ్ళపొద దగ్గరికి పోయి ఆకు తెంపబోయి, నన్ను చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. "ఒరేయ్, ఇది మన సర్కారు తుమ్మ!" అది కాదు నాన్నా, మెస్కీట్ అంటారు, ఈ దిబ్బలకి ఆ పేరే అన్నాను. "నాకు తుమ్మ తెలవదా?" అన్నాడు. ఇంటికొచ్చాక వెతికితే ఆయనదే నిజమైంది. రెండూ ఒకే జాతి చెట్లు. మన సర్కారు తుమ్మ అసలు ఊరు అమెరికా ఖండమే. 1877లో కడప జిల్లా కమలాపురంలో తెచ్చి నాటారు, అక్కడినుంచి చెరువుగట్లన్నీ ఆక్రమించింది. టింబిషా వాళ్ళు మెస్కీట్ కాయల్ని దంచి పిండి చేసుకుని తినేవాళ్ళు. మనం దాన్ని తిట్టుకుంటూ పొయ్యిలో పెట్టుకున్నాం.

అక్కడినుంచి టౌన్ పాస్ ఎక్కాలి. సముద్రమట్టం దగ్గర మొదలైన రోడ్డు పదిహేడు మైళ్ళలో దాదాపు 5,000 అడుగులకి పోతుంది. ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపండి అని పార్కు వాళ్ళు బోర్డు పెట్టారు. నేను చదివాను. వెనక పిల్లాడు నిద్రపోతున్నాడని ఆపలేదు. మమ్మల్ని దాటుకుని నలుపూ తెలుపూ గీతల స్టిక్కర్లు ఒళ్ళంతా అంటించుకున్న కార్లు మూడు వరసగా పోయాయి. ఇంకా మార్కెట్లోకి రాని మోడళ్ళని కంపెనీలు ఈ ఎండలో పరీక్షిస్తుంటాయని నాన్నకి గొప్పగా చెప్తున్నాను. ఆయన వినట్లేదు. నా ముందున్న మీటర్ల వైపు చూస్తున్నాడు.

"ముల్లు లేస్తోంది. ఏసీ తియ్."

తీశాను. అయినా ముల్లు ఎర్రగీత వైపే పోతోంది.

"హీటరు పెట్టు."

"ఏంటి?"

"హీటరు పెట్టరా. ఫుల్లు. అద్దాలన్నీ దించు."

బయట పొయ్యి, లోపల హీటరు. వెనకనుంచి అమ్మ "మీకేమన్నా పిచ్చా?" అని కేక. పిల్లాడు లేచి ఏడుపు. ఇంజను వేడిని హీటరు లాగి కారులోకి ఊదుతుంది, ఆ మేరకి ఇంజనుకి ఊపిరి ఆడుతుంది. ఇంజనీరింగు చదివింది నేను, ఈ సంగతి తెలిసింది ఆయనకి. ముల్లు ఆగింది. వెడల్పుగా ఉన్నచోట గాలికెదురుగా ఆపించాడు. బానెట్టు ఎత్తాడు గానీ రేడియేటరు మూత మీద చేయి వేయనీయలేదు. నలభై నిమిషాలు. కారు నీడలో పిల్లాణ్ణీ ఆడవాళ్ళనీ కూర్చోబెట్టి, మజ్జిగంతా తాగించి, తన తువ్వాల తడిపి మనవడి నెత్తిన వేశాడు. తర్వాత అదే తువ్వాల మూత మీద కప్పి, కొంచెం తిప్పి, బుస్సుమన్న ఆవిరి పోయేదాకా ఆగి, అప్పుడు తీశాడు. రోడ్డు పక్కన రేడియేటర్ల కోసం పెట్టిన నీళ్ళ ట్యాంకు కనపడుతూనే ఉంది. ఖాళీ సీసాలతో మూడుసార్లు తిరిగి తెచ్చాను. "నీళ్ళూ గాలీ ఆయిలూ చూసుకోకుండా బండి బయటికి తీస్తార్రా ఎవరన్నా?" అంటూ పోశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో రోడ్డు మీద బండి ఆగింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. తిట్టాడే గానీ, ఆ ట్రిప్పు మొత్తంలో ఆయన అంత హుషారుగా ఉన్నది అప్పుడే.

బానెట్టు దించి, చేతులు తుడుచుకుంటూ, ఎడమవైపు తలుపు దగ్గరికి వచ్చాడు. డ్రైవరు వైపు.

"పైదాకా నేను తోలనా?"

రోడ్డు మీద నరమానవుడు లేడు. ఎటు చూసినా పది మైళ్ళు ఖాళీ. "ఇక్కడ కుడిపక్కన పోవాలి నాన్నా, నీకు అలవాటుండదు. ఇన్సూరెన్సు కూడా..." అన్నాను. "సర్లే" అని చుట్టూ తిరిగి వెళ్ళి ఆ పక్క కూర్చున్నాడు. ఏసీ లేకుండా, అద్దాలు దించి, నిదానంగా ఎక్కాం. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు మ్యాటు మీద కదిలింది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

తర్వాతంతా గబగబా అయిపోయింది. పానమింట్ లోయ దిగి, మళ్ళీ ఎక్కి, చీకటిపడే ముందు లోన్ పైన్ చేరాం. అక్కడ పడమటి వైపు 14,505 అడుగుల మౌంట్ విట్నీ కనపడుతుంది. అలాస్కా వదిలేస్తే దేశంలో దాన్ని మించిన శిఖరం లేదు. పొద్దున అన్నిటికన్నా పల్లం, సాయంత్రం ఇది, చూశావా నాన్నా అంటే, ఊఁ అన్నాడు. అప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి.

మూడేళ్ళ తర్వాత వేసవిలో ఊరెళ్ళాను. సాయంత్రం నాన్నతో సెంటర్లో టీ బంకు దగ్గర కూర్చుంటే, ఆయనతోపాటు డిపోలో పనిచేసిన పెద్దాయన ఒకాయన నా భుజం మీద చేయి వేశాడు.

"ఏం అబ్బాయ్, అమెరికాలో ఎడారి మధ్యన మీ కారు ఆగిపోతే మీ నాయనే తోలి కొండెక్కించాడంటగా? నువ్వు బెంబేలెత్తి పక్కన కూర్చున్నావంట?"

బల్ల మీదున్న నలుగురూ నా వైపు తిరిగారు. నాన్న టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"అవును బాబాయ్" అన్నాను. "మొత్తం ఆయనే తోలాడు."

నాన్న ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "హీటరు పెట్టి తోలా" అన్నాడు వాళ్ళతో.